దీవి దేశపు చిన్న విమాన సంస్థకు తగిన విమానం: దూరం వెళ్లే నారోబాడీ, వైడ్‌బాడీల పోలిక

చెన్నై మీనంబాకం విమానాశ్రయానికి దగ్గర్లోని మా కార్యాలయంలో ఫ్లైట్ ప్లాన్లు, అంటే ఒక్కో ప్రయాణానికి దారినీ ఇంధనాన్నీ లెక్కవేసే కాగితాలు, తయారుచేసేవాళ్లలో తెలుగువాళ్లం ఐదారుగురం ఉన్నాం. కొత్తగా చేరిన నెల్లూరు అబ్బాయి ఒకడు ఒక మధ్యాహ్నం విమానాల వివరాల పట్టిక చూస్తూ నన్ను అడిగాడు: “సార్, ఇక్కడి నుంచి మాల్దీవుల రాజధాని మాలే పన్నెండు వందల కిలోమీటర్లు. మారిషస్ అయినా నాలుగున్నర వేలకు మించదు. మరి దీవుల సంస్థలు ఎనిమిది వేల ఏడు వందల కిలోమీటర్లు వెళ్లగల విమానం కోసం ఎందుకండీ చూస్తాయి?”

పటం ముందు పెట్టుకుని స్కేలుతో కొలిచేవారెవరికైనా ఈ సందేహం రావలసిందే. అయితే దీవికి వెళ్లే విమానం ఎక్కువ ఇంధనం మోయగలగడం దూరం కోసం మాత్రమే కాదు. దిగవలసిన చోట దిగలేనప్పుడు ఇంకో దీవికో తీరానికో చేరడానికి ఆ శక్తి కావాలి. దీవిలో ఇంధనం దొరకనప్పుడు, దొరికినా ధర మండిపోతున్నప్పుడు, తిరుగు ప్రయాణానికి సరిపడా ఇక్కడే నింపుకుని వెళ్లడానికీ అదే శక్తి కావాలి. ఎదురుగాలి బలంగా ఉన్న రోజున ప్రయాణికులనూ సామానునూ దింపకుండా బయలుదేరడానికి కూడా అదే కావాలి. స్కేలుకు అందని ఈ మూడు అవసరాలను లెక్కలోకి తీసుకుంటే విమానం ఎంపిక చాలా మారిపోతుంది. నా అభిప్రాయం ముందే చెబుతున్నాను: ముఖ్యమైన మార్గాలు ఏడు గంటల ప్రయాణం లోపల ఉన్న దీవి సంస్థకు, అదనపు ట్యాంకులున్న నారోబాడీ, అంటే సీట్ల మధ్య ఒకే నడవ ఉండే సన్నపాటి విమానమే సరైనది. ఆ గీత దాటిన సంస్థ మరోలా ఆలోచించాలి. ఎందుకో వివరంగా రాస్తాను.

పోల్చవలసిన విమానాలను ముందు పరిచయం చేస్తాను. మొదటి వర్గంలో ఎయిర్‌బస్ ఏ320నియో, బోయింగ్ 737 మ్యాక్స్ 8 లాంటి మామూలు నారోబాడీలు వస్తాయి. తయారీ సంస్థలు వీటికి చెప్పే దూరం సుమారు 6,300 నుంచి 6,500 కిలోమీటర్లు. రెండో వర్గంలో ఏ321నియో నుంచి పుట్టిన రెండు రూపాలున్నాయి. ఏ321ఎల్‌ఆర్ 7,400 కిలోమీటర్లు వెళ్తుందని, ఏ321ఎక్స్‌ఎల్‌ఆర్ 8,700 కిలోమీటర్లు వెళ్తుందని ఎయిర్‌బస్ చెబుతుంది. మొదటిది 2018 నవంబరులో ఇజ్రాయెల్‌కు చెందిన ఆర్కియా సంస్థలో చేరింది. రెండోది 2024 నవంబరులో ఐబీరియా సంస్థలో సేవలోకి వచ్చి, అదే నెలలో మాడ్రిడ్ నుంచి బోస్టన్‌కు ఎగిరింది. మూడో వర్గం రెండు నడవలుండే వైడ్‌బాడీలది: ఏ330-900, బోయింగ్ 787-8. ఇవి 13,000 కిలోమీటర్లకు పైగా వెళ్లగలవు. నాలుగోదిగా, కొత్తది కొనలేని సంస్థలు లీజు మార్కెట్లో చవకగా దొరికే పాత ఏ330-200ను కూడా చూస్తాయి. దానిని తేలిగ్గా తోసిపుచ్చకూడదు కాబట్టి చివర్లో మళ్లీ ప్రస్తావిస్తాను.

కంపెనీ పుస్తకంలోని దూరాన్ని ఎలా చదవాలో తెలుసుకోకుండా ఈ పోలిక ముందుకు సాగదు. ఆ అంకె గాలి లేని ఆకాశంలో, నిర్ణీత సంఖ్యలో ప్రయాణికులతో, సరుకు లేకుండా వేసిన లెక్క. నిజమైన మార్గంలో ఎదురుగాలి ఉంటుంది, విమానాలు తిన్నని గీతలో పోవు, ఇంజిన్లు పాతబడేకొద్దీ ఎక్కువ ఇంధనం తాగుతాయి. నేనైతే ప్రకటిత దూరంలోంచి కనీసం పదిహేను శాతం తీసేసి, మిగిలినదాన్నే పనికొచ్చే దూరంగా చూస్తాను. ఆ ప్రకారం ఎల్‌ఆర్ 6,300 కిలోమీటర్ల విమానం, ఎక్స్‌ఎల్‌ఆర్ 7,400 కిలోమీటర్ల విమానం అవుతాయి. మాలే నుంచి లండన్ 8,500 కిలోమీటర్లు కాబట్టి ఎక్స్‌ఎల్‌ఆర్‌తో సరిపోతుందని కాగితం చూసి సంబరపడే సంస్థ, శీతాకాలంలో పడమటి దిక్కుకు పోయే మొదటి వారంలోనే చిక్కుల్లో పడుతుంది.

ఒక ఫ్లైట్ ప్లాన్‌ను దగ్గరగా చూద్దాం

చెన్నై నుంచి మారిషస్‌కు గాలిమార్గం సుమారు 4,450 కిలోమీటర్లు, ప్రయాణం ఆరు గంటల దరిదాపు. 190 సీట్ల ఏ321నియో గంటకు సుమారు రెండున్నర టన్నుల ఇంధనం వాడుతుందనుకుంటే ప్రయాణానికి 15 టన్నులు కావాలి. అనుకోని అవసరాలకు ఐదు శాతం, అంటే 0.75 టన్ను. చివరి రిజర్వు, అంటే దిగే విమానాశ్రయం పైన 1,500 అడుగుల ఎత్తులో అరగంట తిరిగేందుకు తప్పనిసరిగా మిగలవలసినది, 1.1 టన్ను. రన్‌వే దాకా నడవడానికి 0.2 టన్ను. ఇక ప్రత్యామ్నాయ విమానాశ్రయం, అంటే గమ్యంలో దిగలేకపోతే వెళ్లేందుకు ప్లాన్‌లో ముందే రాసుకునేది. మారిషస్‌కు 230 కిలోమీటర్ల దూరంలోనే రీయూనియన్ దీవి ఉంది. అక్కడికి చేరడానికి 1.3 టన్ను చాలు. మొత్తం 18.35 టన్నులు. అదనపు ట్యాంకులు లేని ఏ321నియోలో సుమారు 23,500 లీటర్లు, బరువులో చెప్పాలంటే 18.8 టన్నులు పడుతుంది. అరటన్నుకు అటూ ఇటూగా సరిపోయింది కాబట్టి మామూలు విమానమే చాలని ఎవరైనా అనుకోవచ్చు.

నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఆ సముద్రంలో తుపానుల కాలం. రీయూనియన్ అంత దగ్గర్లో ఉండటమే అప్పుడు సమస్య అవుతుంది, ఎందుకంటే ఒక దీవిని ముంచెత్తే తుపాను రెండో దీవిని వదలదు. 2024 జనవరిలో బెలాల్ తుపాను వచ్చినప్పుడు రెండు దీవుల్లోనూ విమానాశ్రయాలను మూయవలసి వచ్చింది. తుపాను నేరుగా తాకకపోయినా, దాని అంచు మబ్బులు చాలు, ప్లాన్ వేసే డిస్పాచర్ రీయూనియన్‌ను ప్రత్యామ్నాయంగా రాయడానికి వెనకాడతాడు. అప్పుడు మడగాస్కర్‌లోని అంటనానరివో రాయాలి. అది మారిషస్ నుంచి దాదాపు 1,080 కిలోమీటర్లు. అక్కడికి చేరడానికి నాలుగు టన్నులు కావాలి. మన మొత్తం ఒక్కసారిగా 21 టన్నులు దాటుతుంది, ట్యాంకులో పట్టేది మాత్రం 18.8 టన్నులే. మామూలు ఏ321 ఆ రోజు బయలుదేరలేదు, లేదా దారిలో ఎక్కడో దిగి నింపుకోవాలి. ఎల్‌ఆర్ అయితే అదనపు ట్యాంకుల్లో నింపుకుని, 190 మంది ప్రయాణికులతో, గరిష్ఠ బరువు 97 టన్నులకు లోబడే లేస్తుంది.

ఏ320నియో విషయంలో అడ్డంకి ట్యాంకు కాదు, బరువు. ఇదే మార్గానికి ఇదే అంటనానరివో లెక్కతో దానికి సుమారు 18.5 టన్నుల ఇంధనం కావాలి. గరిష్ఠంగా 79 టన్నులతో లేచే విమానంలో ఖాళీ బరువు 45 టన్నులు, ఈ ఇంధనం తీసేస్తే ప్రయాణికులకూ సామానుకూ మిగిలేది పదిహేనున్నర టన్నులు. మనిషికీ పెట్టెకూ కలిపి వంద కిలోలు వేసుకుంటే 155 మంది. 170 సీట్ల విమానంలో పదిహేను సీట్లు తెలిసితెలిసి ఖాళీగా ఉంచాలి. ఈ అంకెలన్నీ చేతి లెక్కలే, ఒక్కో విమానానికీ కొద్దిగా మారతాయి. కాని ఏ దిక్కుకు మొగ్గుతున్నాయో అది మారదు.

సీట్లు ఖాళీగా ఉంచడం కాగితం మీద చిన్న నష్టంగా కనిపిస్తుంది. కొన్నేళ్ల కిందట ఒక దీవికి వెళ్లే మామూలు నారోబాడీకి నేను ప్లాన్ వేశాను. బయలుదేరడానికి గంటన్నర ముందు వాతావరణ సమాచారం మారింది, దూరపు ప్రత్యామ్నాయం రాయక తప్పలేదు, రెండు టన్నుల పైగా ఇంధనం పెరిగింది. ప్రయాణికులు అప్పటికే ఎక్కేశారు కాబట్టి సంస్థవాళ్లు విమానం కడుపులోని పెట్టెలను దింపారు. మర్నాడు ఒక ఫోను వచ్చింది. చెన్నైలో గుండె ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వెళ్తున్న ఒక పెద్దావిడ మందులన్నీ ఆ దింపిన పెట్టెల్లో ఒకదానిలో ఉన్నాయి. తరువాతి విమానం మూడు రోజులకు. మందులు వేరే దారిలో చేర్చగలిగారు గాని, ఆ మూడు రోజులు నాకు నిద్ర సరిగా పట్టలేదు. ఇంధన పట్టికలో ప్రత్యామ్నాయం అన్న గడిలో అంకె మారినప్పుడల్లా నాకు ఆ పెట్టే గుర్తుకొస్తుంది. అదనపు ట్యాంకుల గురించి ఇంత పట్టుబట్టి రాయడానికి అదొక కారణం.

చుట్టుపక్కల ఏ విమానాశ్రయమూ లేని ఒంటరి దీవులకు నియమం ఇంకా కఠినంగా ఉంటుంది. ప్రత్యామ్నాయం రాయడానికే వీల్లేని అలాంటి చోట, అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనల ప్రకారం జెట్ విమానం గమ్యం పైకి చేరేసరికి, చివరి రిజర్వుతో కలిపి, రెండు గంటలు మామూలు వేగంతో ఎగరగలిగినంత ఇంధనం మిగిలి ఉండాలి. ఏ321కు అది ఐదు టన్నులు. వాడకుండా మోసుకెళ్లి, మోసుకొచ్చే ఐదు టన్నులు. దీవి సంస్థ దూరపు విమానం కొంటున్నదంటే చాలా సందర్భాల్లో కొంటున్నది ఈ ఐదు టన్నుల చోటునే.

తిరుగు ప్రయాణపు ఇంధనం మరో సంగతి. దీవికి ఇంధనం ఓడలో రావాలి, నిల్వ చేసే ట్యాంకులు పరిమితం, కాబట్టి ధర సాధారణంగా ఎక్కువ. చెన్నైలో రెండు వైపులకూ నింపుకుని వెళ్తే, మోసిన అదనపు బరువుకు గంటకు మూడు నాలుగు శాతం ఇంధనం దారిలోనే కరిగిపోతుంది. మాలేకు గంటా ముప్పావు ప్రయాణం కాబట్టి ధరలో తేడా కాస్త గట్టిగా ఉంటే ఆ నష్టం భరించినా లాభమే మిగులుతుంది. మారిషస్ లాంటి ఆరు గంటల ప్రయాణంలో ధర తేడా చాలా పెద్దదైతే తప్ప గిట్టుబాటు కాదు. ధర సంగతి అలా ఉంచి, అసలు ఇంధనమే లేని రోజులు కూడా వస్తాయి. 2022లో శ్రీలంక ఆర్థిక సంక్షోభంలో కొలంబోలో విమాన ఇంధనం కరువైనప్పుడు, అక్కడి నుంచి దూరదేశాలకు పోయే విమానాలు చెన్నైలోనో తిరువనంతపురంలోనో కొచ్చిలోనో దిగి నింపుకుని వెళ్లవలసి వచ్చింది. ఆ నెలల్లో మీనంబాకం రన్‌వే పక్కన ఎవరినీ ఎక్కించుకోకుండా, ఎవరినీ దింపకుండా, ఇంధనం బండి కోసమే నిలబడ్డ విమానాలను మేం రోజూ చూశాం.

నాలుగు పెద్దవా, ఏడు చిన్నవా

ఇప్పుడు వైడ్‌బాడీతో పోల్చుదాం. ఇక్కడ రెండు రకాల ఖర్చులను విడదీయాలి. ఒక్క సీటుకు పడే ఖర్చు ఒకటి, ఒక్క ప్రయాణానికి పడే ఖర్చు ఇంకొకటి. పెద్ద విమానం నిండితే సీటు ఖర్చు తగ్గుతుందన్నది పాత సూత్రం. నిండకపోతే ప్రయాణపు ఖర్చంతా ఉన్న కొద్దిమంది మీదే పడుతుంది, చిన్న సంస్థలు దెబ్బతినేది అక్కడే.

ఒక ఊహా మార్గం తీసుకుందాం. వారానికి ఒక్కో దిక్కుకు వెయ్యి మంది ప్రయాణికులు, ఆరు గంటల ప్రయాణం. 287 సీట్ల ఏ330-900 ఎనభై ఏడు శాతం నిండితే 250 మంది, వారానికి నాలుగు విమానాలు కావాలి. 190 సీట్ల ఏ321 ఎనభై శాతం నిండితే 152 మంది, వారానికి ఏడు కావాలి, అంటే రోజుకొకటి. పెద్దది గంటకు ఐదున్నర టన్నుల దరిదాపు వాడుతుంది. ఆరు గంటలకు 33 టన్నులు, నాలుగు విమానాలకు 132 టన్నులు. చిన్నది ఏడు విమానాలకు 105 టన్నులు. మూడు ప్రయాణాలు ఎక్కువ చేసి కూడా ఇరవై ఏడు టన్నులు తక్కువ కాల్చింది. పైలట్ల జీతాలు, విమానాశ్రయ రుసుములు ఏడు సార్లు కట్టాలి నిజమే, అయితే దిగినందుకు కట్టే రుసుము చాలాచోట్ల విమానం బరువును బట్టి ఉంటుంది కాబట్టి ఆ తేడా అనుకున్నంత పెద్దది కాదు.

రోజుకొక విమానం ఉండటం ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే ప్రయాణికులెవరో చూడాలి. దీవులంటే కొత్త దంపతుల విహారమే మనకు గుర్తుకొస్తుంది. చెన్నై నుంచి చూస్తే అందులో సగమే నిజం. మాల్దీవుల నుంచి వైద్యం కోసం తిరువనంతపురానికీ, చెన్నైకీ, బెంగళూరుకూ వచ్చేవారు చాలామంది. మారిషస్ సంగతి మనకు మరీ దగ్గరిది. పందొమ్మిదో శతాబ్దంలో కోరంగి, మద్రాసు రేవుల నుంచి చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగువారి సంతతి అక్కడ స్థిరపడింది. ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవు దినం. ఆ కుటుంబాలు తిరుమల దర్శనానికి రావాలంటే చెన్నై దగ్గరి దారి. వారానికి రెండే విమానాలుంటే దర్శనం రెండు రోజుల్లో ముగిసినా తిరుగు విమానం కోసం నాలుగైదు రోజులు హోటల్లో కూర్చోవాలి. రోగికి డాక్టరు మంగళవారం రమ్మంటే శనివారమే వచ్చి ఎదురుచూడాలి. ఆ అదనపు రోజుల ఖర్చు టికెట్ ధరలో కనిపించదు, కాని ప్రయాణికుడు దాన్ని కలిపే లెక్కవేసుకుంటాడు. అందుకే గల్ఫ్‌లో విమానం మారి చుట్టూ తిరిగినా రోజూ నడిచే సంస్థనే ఎంచుకుంటాడు.

దీవి సంస్థలు తమ అనుభవంతోనే ఈ పాఠం నేర్చుకున్నాయి. అట్లాంటిక్‌లోని అజోర్స్ దీవుల సంస్థ 2016లో ఒక ఏ330ను తెచ్చుకుని, కొద్దికాలంలోనే దాన్ని వదులుకుని ఏ321ఎల్‌ఆర్ వైపు మళ్లింది. ఎయిర్ సీషెల్స్ 2018లో పారిస్ మార్గాన్ని మూసి, ఏ330లను వదిలించుకుని, 2019లో ఏ320నియోతో ప్రాంతీయ సంస్థగా మారింది. ఐస్‌లాండ్‌ఎయిర్ తన దీవి అట్లాంటిక్ మధ్యలో ఉందన్న భౌగోళిక సత్యాన్నే వ్యాపారంగా మలుచుకుని, 1990 నుంచి బోయింగ్ 757 అనే దూరపు నారోబాడీతో యూరప్‌నూ అమెరికానూ కలిపింది. 757 తయారీ 2004లోనే ఆగిపోయింది కాబట్టి ఆ ఖాళీని నింపడానికి 2023లో పదమూడు ఎక్స్‌ఎల్‌ఆర్‌లకు ఆర్డరు ఇచ్చింది. ఈలోగా ఎల్‌ఆర్‌లను లీజుకు తీసుకుని, మొదటిదాన్ని 2024 డిసెంబరులో అందుకుంది. గంతకు తగ్గ బొంత అని మన పెద్దలు చెప్పిన మాటకు ఐస్‌లాండ్‌ను మించిన ఉదాహరణ విమానరంగంలో నాకు కనబడదు.

విమానాల సంఖ్య గురించి ఒక హెచ్చరిక చేయాలి. రెండు వైడ్‌బాడీలున్న సంస్థలో ఒకటి మరమ్మతుకు ఆగితే సగం సంస్థ ఆగినట్టే. అదే డబ్బుకు నాలుగో ఐదో నారోబాడీలు నడిపితే ఒకటి ఆగినా షెడ్యూలును సర్దుకోవచ్చు. ఒకే ఒక్క జెట్‌తో నడిచిన పసిఫిక్ దీవుల సంస్థ ఎయిర్ వనువాటు 2024 మేలో చేతులెత్తేసినప్పుడు, విడిభాగాలు రాక ఆగిపోయిన దాని 737 కష్టాలే ఆఖరి దెబ్బ అయ్యాయి. ఒంటెద్దు బండికి ఎద్దు జబ్బు పడితే బండి కదలదు. దీవికి విడిభాగం రావాలన్నా ఇంకో విమానంలోనే రావాలి. అందుచేత కనీసం మూడు ఒకే రకం విమానాలు పెట్టుకోలేని సంస్థ, సొంతంగా దూరపు మార్గాలు నడపడం మానేసి ఇతర సంస్థలతో కోడ్‌షేర్, అంటే వాళ్ల విమానాల్లో తన పేరుతో టికెట్లు అమ్ముకునే ఒప్పందం, చేసుకోవడం మంచిదని నా నమ్మకం. ఒకే రకం అన్నప్పుడు ఏ320, ఏ321 రెండూ ఒకే కుటుంబం. ఒకే టైప్ రేటింగ్‌తో, అంటే ఒక రకం విమానం నడపడానికి పైలట్‌కు ఇచ్చే అర్హతతో, పైలట్లు రెంటినీ నడపగలరు. దగ్గరి దీవులకు ఏ320, దూరానికి ఎల్‌ఆర్ పెట్టుకున్న సంస్థకు పైలట్ల సర్దుబాటు చాలా తేలిక.

నారోబాడీ ఎక్కడ ఓడిపోతుంది

సరుకు దగ్గర స్పష్టంగా ఓడిపోతుంది. ఏ330-900 కడుపులో 33 పెద్ద కంటైనర్లు పడతాయి. ఏ321లో పట్టేవి పది చిన్న కంటైనర్లు, అందులోనూ అదనపు ట్యాంకులు కొంత చోటు తినేస్తాయి. మాల్దీవులు, సీషెల్స్ తాజా ట్యూనా చేపను విమానంలో దూరదేశాలకు పంపుతాయి. దీవుల హోటళ్లు కూరగాయలు, పండ్లు విమానంలో తెప్పించుకుంటాయి. సరుకు రాబడి మొత్తంలో ఐదో వంతు దాటే సంస్థ నా లెక్కలతో తృప్తి పడకుండా, సరుకు సహా లెక్కను మళ్లీ వేసుకోవాలి. అక్కడ వైడ్‌బాడీయే గెలవవచ్చు.

దూరం దగ్గర కూడా ఒక గట్టి గీత ఉంది. మారిషస్ నుంచి పారిస్ సుమారు 9,400 కిలోమీటర్లు, ఫిజీ నుంచి లాస్ ఏంజెలెస్ 8,900. ఎక్స్‌ఎల్‌ఆర్ ఇక్కడ పనికిరాదు. అందుకే ఎయిర్ మారిషస్, ఫిజీ ఎయిర్‌వేస్ ఏ350, ఏ330లను నడుపుతున్నాయి. ఫిజీ సంస్థ ఆక్లండ్, సిడ్నీ వంటి దగ్గరి మార్గాలకు 737 మ్యాక్స్‌ను కూడా ఉంచుకుంది. యూరప్ పర్యాటకుల మీదే బతికే దీవికి వైడ్‌బాడీ అవసరం తప్పదు. అయితే అవసరం ఉన్నంత మాత్రాన భద్రత ఉన్నట్టు కాదు: ఎయిర్ మారిషస్ 2020 ఏప్రిల్‌లో విమానాలన్నీ నేలమీద నిలిచిపోయినప్పుడు అప్పులవాళ్ల నుంచి రక్షణ కోరుతూ నిర్వాహకుల చేతికి వెళ్లవలసి వచ్చింది.

ప్రయాణికుల సౌకర్యం గురించి ఎక్కువ రాయను. ఆరు గంటలు దాటితే ఒకే నడవ ఇరుకనిపిస్తుంది, భోజనం బండి అడ్డంగా ఉన్నప్పుడు టాయిలెట్‌కు వెళ్లలేరు, 190 మంది ఒకే తలుపు గుండా ఎక్కడానికి సమయం పడుతుంది. తొమ్మిది పది గంటల ప్రయాణమైతే సిబ్బంది విశ్రాంతికి సీట్లు కేటాయించాలి కాబట్టి అమ్మే సీట్లు తగ్గుతాయి.

ఎల్‌ఆర్, ఎక్స్‌ఎల్‌ఆర్‌లలో ఏది అన్నదానికి మాత్రం కాస్త నిదానించాలి. ఎల్‌ఆర్‌లో గరిష్ఠంగా మూడు అదనపు ట్యాంకులు సరుకు చోటులో అమర్చుతారు. అవసరం లేకపోతే వర్క్‌షాపులో వాటిని తీయించి సరుకు చోటు తిరిగి పొందవచ్చు. ఎక్స్‌ఎల్‌ఆర్‌లో వెనక భాగాన 12,900 లీటర్ల ట్యాంకు విమాన శరీరంలో భాగంగానే కట్టి ఉంటుంది. అంత ఇంధనం విడి ట్యాంకుల్లో మోయాలంటే పట్టే చోటుకంటే అది తక్కువ చోటే తీసుకుంటుంది, కాని ఎన్నటికీ ఊడదు. 101 టన్నుల గరిష్ఠ బరువు కోసం చక్రాలనూ శరీరాన్నీ బలపరిచారు కాబట్టి చెన్నై నుంచి మాలేకు పోయినా ఆ బరువును మోయవలసిందే. తన మార్గాల్లో అతి దూరమైనది 6,000 కిలోమీటర్ల లోపే ఉన్న సంస్థకు ఎల్‌ఆర్ చాలు. ఉదాహరణకు మారిషస్ నుంచి పెర్త్ దాదాపు 5,900 కిలోమీటర్లు, ఎల్‌ఆర్‌కు అది అంచు. అలాంటివి ఒకటి కంటే ఎక్కువ ఉంటేనే ఎక్స్‌ఎల్‌ఆర్‌కు డబ్బు పెట్టాలి. సముద్రం మీదుగా ఇంత దూరం పోవడానికి రెండు ఇంజిన్ల విమానాలకు ఇచ్చే ఈటాప్స్ అనుమతి కూడా కావాలి. ఏ320నియో కుటుంబానికి 180 నిమిషాల దాకా ఆ అనుమతి ఉంది, అంటే ఒక్క ఇంజిన్‌తో మూడు గంటల్లో ఏదో ఒక విమానాశ్రయం చేరగలగాలి. విమానానికి అనుమతి ఉంటే సరిపోదు, సంస్థకు విడిగా రావాలి. కొత్త సంస్థలు దీనికి పట్టే నెలలను తక్కువగా అంచనా వేస్తాయి.

ఆఖరున పాత ఏ330-200. ఏ321నియో కుటుంబం విమానాలకు ఈ దశాబ్దం చివరిదాకా వరుస నిండిపోయి ఉంది, లీజు ధరలు ఎక్కువగా ఉన్నాయి. దానికి తోడు ఈ కుటుంబంలో చాలా విమానాలకుండే ప్రాట్ అండ్ విట్నీ జీటీఎఫ్ ఇంజిన్లలో, లోహపు పొడితో చేసిన భాగాల్లో లోపం 2023లో బయటపడి వందల విమానాలు తనిఖీల కోసం నేలమీద నిలిచాయి. రోజుకు పది పన్నెండు గంటలు ఎగిరే విమానమైతే ఇంధనంలో పొదుపు ఆ అధిక లీజును తీర్చేస్తుంది. పర్యాటకుల కాలంలో నాలుగు నెలలు మాత్రమే బాగా ఎగిరి, మిగతా ఏడాది నిలబడి ఉండే విమానమైతే చవక లీజు మీద వచ్చే పాత ఏ330యే లెక్కకు నిలుస్తుంది, ఎందుకంటే నిలబడ్డ విమానానికి ఇంధనం ఖర్చు లేదు, లీజు ఖర్చు ఉంటుంది. దాని మరమ్మతు బిల్లులు వయసుతో పెరుగుతాయని గుర్తుంచుకుని, లీజు మూడు నాలుగేళ్లకు మించకుండా చూసుకోవాలి.

విమానం లీజుకిచ్చే సంస్థతో మాటలకు కూర్చునే ముందు ఒక పని చేయమని ఏ సంస్థనైనా కోరతాను. గత మూడు సంవత్సరాల ఫ్లైట్ ప్లాన్లలోంచి ఒక్కో మార్గానికి అతి చెడ్డ రోజులు పది తీయండి: ఎదురుగాలి ఎక్కువైనవి, ప్రత్యామ్నాయం మారినవి, ఎండకు రన్‌వే మీద బరువు తగ్గించవలసి వచ్చినవి. చూస్తున్న ప్రతి విమానంతో ఆ పది రోజులనూ మళ్లీ లెక్కవేయించి, ఎన్ని సీట్లు ఖాళీగా ఉంచాల్సి వచ్చిందో, ఎన్ని పెట్టెలు దింపాల్సి వచ్చిందో రాయించండి. నెల్లూరు అబ్బాయి ఇప్పుడు ఆ పనిలోనే ఉన్నాడు. మారిషస్ మార్గానికి ఫిబ్రవరి రోజు ఒకటి తీసుకుని, మొదట రీయూనియన్‌తో, తరువాత అంటనానరివోతో లెక్కవేసి, రెండు కాగితాలనూ నా బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. “రెండో దాంట్లో మామూలు ఏ321 ట్యాంకే చాలడం లేదండీ,” అన్నాడు. మూడో కాగితం ఎల్‌ఆర్‌తో వేయమన్నాను.